ఎండ కోసం మంచుకొండకు

పెళ్ళి సంబంధమైనా కుదర్చవచ్చు గాని, నలుగురున్న ఇంట్లో సెలవులకు ఎక్కడికి వెళ్ళాలో తేల్చడం మాత్రం బ్రహ్మతరం కాదు.

ఆ చలికాలం నేను అమెరికాలో, సియాటిల్‌లో వున్న మా అబ్బాయి దగ్గర వున్నాను. క్రిస్మస్‌కి సెలవులొస్తున్నాయి, అందరం మంచుకొండలకు వెళ్దామని ఇంట్లో ప్రకటన వెలువడింది. ఇక చూడండి! రోజూ రాత్రి భోజనాలయ్యాక కంప్యూటరు ముందు సభ. మా అబ్బాయి విస్లర్ అంటాడు. అది పక్కనే కెనడాలో వుందిట. 2010లో వింటర్ ఒలింపిక్స్ జరిగినప్పుడు కొండవాలు స్కీ పందాలు అక్కడే పెట్టారట. "కొండంటే అదమ్మా!" అని చేతులు పైకెత్తి చూపిస్తాడు. మా మనవరాలికి ఎనిమిదేళ్ళు. "మా క్లాసులో అందరూ పార్క్ సిటీయే వెళ్తున్నారు నాన్నా" అని దాని గొడవ దానిది. మా కోడలు మాత్రం "మీ యిష్టం" అని ఊరుకుంటుంది. నలభై ఏళ్ళు సంసారం చేసినదాన్ని కదూ! ఆడది "మీ యిష్టం" అన్నదంటే అందులో ఏదో మతలబు వుందని నాకు అనుమానం తగిలింది.

నన్నెవరూ ఏమీ అడగలేదు. అడగాలని వాళ్ళకు తోచలేదు కూడా. "అమ్మకేముంది? గది వెచ్చగా వుంటుంది, కూచుని టీవీ చూస్తుంది. వంటగది కూడా వున్న గది తీసుకుంటే మనం దిగి వచ్చేసరికి వేడివేడి చారైనా దొరుకుతుంది" అన్నాడు మా వాడు. ప్రేమగానే అన్నాడు సుమండీ! కాని వంటగది మాట చెవిన పడగానే నాకు ఊటీ గుర్తుకొచ్చింది.

అది 1978 మే నెల. మావారికి ఎల్.టి.సి. వచ్చిందని అత్తగారితో, ఆడబిడ్డతో, పిల్లలతో కలిసి ఊటీ వెళ్ళాం. "ఊటీ చూశారా?" అని ఎవరైనా అడిగితే చూశాననే చెబుతాను. నేను చూసిన ఊటీ ఏమిటంటే, లాడ్జి గదిలో ఒక మూల కిరసనాయిలు స్టవ్వు, దానిమీద ఎంతకీ ఉడకని కందిపప్పు. ఎత్తయిన చోట నీళ్ళు తక్కువ వేడికే మరిగిపోతాయని, అందుకని పప్పు ఉడకదని పుస్తకంలో చదివినదాన్నే అయినా, ఆ అయిదురోజులూ దాన్ని అనుభవపూర్వకంగా తెలుసుకున్నాను. వాళ్ళు బొటానికల్ గార్డెను చూసి వచ్చి "అబ్బ, ఎంత బావుందో!" అంటూ విస్తళ్ళ ముందు కూచునేవారు.

సరే, పాత సంగతులెందుకు? ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పినదాన్ని. ఏ విషయమైనా తేలకపోతే దాని పుట్టుపూర్వోత్తరాలు వెతకడం నా జబ్బు. మా అబ్బాయి ఇంటికి నాలుగు వీధుల అవతల మంచి లైబ్రరీ వుంది. రోజూ మధ్యాహ్నం మఫ్లరు చుట్టుకుని అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టాను. చలికాలంలో, ఒళ్ళు కొంకర్లు పోయే చలిలో, ఇల్లూ వాకిలీ వదిలి ఇంకా చల్లటి కొండమీదికి సెలవులు గడపడానికి వెళ్ళాలన్న బుద్ధి మనిషికి ఎప్పుడు పుట్టింది? అసలెందుకు పుట్టింది? ఇదీ నా ప్రశ్న.

వారంరోజులు చదివాక నాకు దొరికిన జవాబు వింటే మీరూ నాలాగే ఆశ్చర్యపోతారు. మొదట్లో వాళ్ళెవరూ జారుడాట కోసం వెళ్ళలేదు. ఎండ కాచుకోవడానికి వెళ్ళారు!

స్విట్జర్లాండులో సెయింట్ మోరిట్జ్ అని ఒక వూరుంది. సముద్రమట్టానికి దాదాపు 1,800 మీటర్ల ఎత్తు. అక్కడి వూటనీళ్ళు ఆరోగ్యానికి మంచివని వేసవిలో జనం వెళ్ళేవారు. చలి మొదలవగానే మూటాముల్లే సర్దుకుని దిగిపోయేవారు. హోటళ్ళకు తాళాలు పడేవి. అక్కడ కుల్మ్ అనే హోటలు నడిపే యోహానెస్ బాద్రుట్‌కి ఇదే దిగులు. ఏడాదిలో సగం రోజులు వ్యాపారం లేకపోతే ఎలా? 1864 శరదృతువులో తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతున్న నలుగురు ఇంగ్లీషు అతిథులతో ఆయన ఒక పందెం వేశాడని కథ. "మీ లండనులో చలికాలమంటే పొగమంచూ ముసురూ. మా దగ్గర ఆకాశం నీలంగా వుంటుంది, ఎండ కాస్తుంది. చలికాలంలో ఒకసారి వచ్చి చూడండి. నేను చెప్పింది అబద్ధమైతే మీ దారిఖర్చులు నేనిస్తాను. నిజమైతే మీకిష్టమైనన్నాళ్ళు నా అతిథులుగా వుండండి" అన్నాడట.

ఇంగ్లీషువాళ్ళు పందెమంటే ఊరుకుంటారా? క్రిస్మస్‌కి బండ్లు కట్టించుకుని, ఒంటినిండా ఉన్ని దుస్తులు కప్పుకుని కొండ ఎక్కారు. పైకి చేరేసరికి చెమటలు పట్టాయట! వరండాలో బాద్రుట్ కోటు లేకుండా చొక్కాతో నిలబడి ఎదురొచ్చాడట. వాళ్ళు ఈస్టరు పండుగదాకా కదలలేదు. ఎండకు రంగు తిరిగిన మొహాలతో ఇంటికి వెళ్ళి నలుగురికీ చెప్పారు. ఆ నలుగురూ మరో నలుగురికి చెప్పారు. కథలో ఉప్పూకారం ఎంత కలిసిందో గాని, కొండల్లో చలికాలపు సెలవులకు శ్రీకారం చుట్టింది అక్కడేనని చెప్పుకుంటారు. బాద్రుట్ గట్టివాడే. 1878లో పారిస్ ప్రదర్శనలో విద్యుద్దీపాలు చూసివచ్చి తన హోటల్లో పెట్టించాడు. స్విట్జర్లాండులో మొట్టమొదట కరెంటు దీపాలు వెలిగింది ఆ హోటల్లోనే.

అంత చలిలో అంత ఎండ ఎలాగా అంటారేమో. చలికాలంలో మబ్బూ పొగమంచూ కింద లోయల్లో పేరుకుని వుండిపోతాయి. పైన గాలి పొడిగా, తేటగా వుంటుంది. కింద పరుచుకున్న కొత్త మంచు తనమీద పడిన వెలుగులో నూటికి 80 పాళ్ళు తిరిగి పైకే కొడుతుంది. అంటే మనకి ఎండ రెండువైపులనుంచీ తగులుతుందన్నమాట. గాలి వీచని చోటు చూసుకుని కూచుంటే, చుట్టూ మంచు వున్నా ఒళ్ళు కాగుతుంది. పందెంలో కిటుకు ఇదీ.

గమనించారా? ఈ కథలో స్కీలు ఎక్కడా లేవు. కాళ్ళకు చెక్కలు కట్టుకుని మంచుమీద నడవడం నార్వే ప్రాంతాలవాళ్ళకు వేల ఏళ్ళుగా తెలుసు. వాళ్ళకది మనకు తెప్ప, ఎడ్లబండి లాంటిది. వేటకు వెళ్ళాలన్నా, పొరుగూరు వెళ్ళాలన్నా అదే సాధనం. దాన్ని ఆటగా మార్చింది కూడా 19వ శతాబ్దంలో ఆ నార్వేవాళ్ళే. సెయింట్ మోరిట్జ్ చేరిన మొదటి ఇంగ్లీషువాళ్ళకు ఆ సంగతే పట్టలేదు. స్కేటింగు చేశారు, చెక్కబళ్ళమీద జారారు, మిగతా వేళంతా వరండాలో కూచుని ఎండ కాచుకున్నారు.

రెండో వూరు దావోస్. ఇదీ స్విట్జర్లాండులోదే. దీని కథ వింటే గుండె కలుక్కుమంటుంది. ఆ రోజుల్లో క్షయ అంటే మందులేని జబ్బు. జర్మనీలో 1849 తిరుగుబాటు విఫలమయ్యాక పారిపోయి వచ్చిన అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే యువకుడు వైద్యం చదువుకుని, 1853లో దావోస్‌లో డాక్టరుగా కుదురుకున్నాడు. ఆ వూరివాళ్ళలో క్షయ దాదాపు కనిపించడం లేదని ఆయన గమనించాడు. 1865 ఫిబ్రవరిలో, నడి చలికాలంలో, జర్మనీనుంచి ఇద్దరు క్షయరోగులు ధైర్యం చేసి ఆ కొండ ఎక్కారు. వాళ్ళకు నయమైంది. ఆ వార్త పాకి రోగులు తండోపతండాలుగా రాసాగారు. వైద్యం ఏమిటంటే మంచి తిండి, తేట గాలి, దక్షిణం వైపు వరండాల్లో కంబళ్ళు కప్పుకుని గంటల తరబడి ఎండలో పడుకోవడం. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం వెలసిందీ ఈ నమ్మకం మీదనే. మంచి గాలి వున్న మెట్ట ప్రదేశమని చూసి కట్టారు. మా పెద్దమ్మ అక్కడ ఏడాది వుండి వచ్చింది. "మందుకన్నా ఆ చెట్లకింద గాలే నన్ను బతికించిందే" అనేది.

దావోస్‌కి వచ్చిన రోగుల్లో లూయిసా అనే ఇంగ్లీషు ఇల్లాలు ఒకామె. ఆమె భర్త ఎవరో చెబితే మీకు వెంటనే తెలుస్తుంది. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన కానన్ డాయిల్. 1893లో ఆవిడకు క్షయ అని తేలితే దావోస్ తీసుకొచ్చాడు. ఆయన మాత్రం వూరికే కూచోగలిగే మనిషా? నార్వేనుంచి స్కీలు తెప్పించుకున్నాడు. ఆ వూరి బ్రాంగర్ అన్నదమ్ములతో కలిసి 1894 మార్చిలో మంచుకొండ దాటి అవతలి అరోసా అనే వూరికి వెళ్ళాడు. కొంతదూరం స్కీల మీద, కొంతదూరం పంట్లాం మీద! అరోసా హోటలు రిజిస్టర్లో వృత్తి అన్నచోట అన్నదమ్ముల్లో ఒకడు ఆయన పేరు ఎదుట ఆటగాడు అని జర్మనులో రాశాడట. ఆ ఏడాదే స్ట్రాండ్ పత్రికలో ఈ ప్రయాణం గురించి డాయిల్ సరదాగా ఒక వ్యాసం రాశాడు. ఇంగ్లీషువాళ్ళు స్కీ కోసం స్విట్జర్లాండుకు వెల్లువలా వచ్చే రోజు దగ్గర్లోనే వుందని జోస్యం చెప్పాడు. ఫలించింది కూడా.

ఈ కథ ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మా అబ్బాయి, మనవరాలు పంట్లాం దగ్గర పడీపడీ నవ్వారు. మా కోడలు నవ్వలేదు. "మరి లూయిసా ఏమైంది అత్తయ్యా?" అంది.

"ఇంకో పన్నెండేళ్ళు బతికింది. 1906లో పోయింది."

"పాపం" అని కంచం తీసుకుని లేచిపోయింది.

నేనూ వెనకాలే వంటింట్లోకి వెళ్ళాను. గిన్నెలు సర్దుతూ, మొహం నావైపు తిప్పకుండా చెప్పింది. కిందటి చలికాలం ఒక కొండమీద పడిపోయి మోకాలి దగ్గర నరం తెగింది. ఆపరేషను అయింది. ఆ సంగతి నాకూ తెలుసు. నడుస్తోంది కనక తగ్గిపోయిందనే అందరం అనుకున్నాం. "డాక్టరు మళ్ళీ చేయొచ్చన్నారు అత్తయ్యా. నాకే భయం. ఆ వాలు కళ్ళముందు కొస్తే కాళ్ళు వణుకుతాయి. చెబితే వీళ్ళ సరదా పాడవుతుంది. చెప్పకపోతే నేను పైకి వెళ్ళలేను. అందరూ పైన వుంటే నేనూ మీలాగే గదిలో..." అని ఆగిపోయింది. "మీలాగే" అన్నందుకు నాలిక్కరుచుకుంది పాపం.

నాకు కోపం రాలేదు. ఊటీ లాడ్జిలో నేను మావారితో అనలేకపోయిన మాట ఇన్నేళ్ళకు ఎవరో నా బదులు అన్నట్టనిపించింది. "నువ్వేం దిగులు పెట్టుకోకు. వూరు నేను చూస్తాను" అన్నాను. అన్నానేగాని, మంచుకొండల్లో వూళ్ళు ఎంచడం నాకేం తెలుసు? మర్నాడు మళ్ళీ లైబ్రరీకి పరిగెత్తాను. నా అదృష్టం బాగుండి, అచ్చం ఇదే పనిమీద అమెరికా అంతా తిరిగిన ఒక పెద్దమనిషి చరిత్ర చేతికి దొరికింది.

ఆయన పేరు కౌంట్ ఫెలిక్స్ షాఫ్‌గాట్ష్. ఆస్ట్రియా జమీందారు. ఆయన్ని పంపినవాడు ఎవరెల్ హారిమన్. యూనియన్ పసిఫిక్ రైలు కంపెనీకి ఛైర్మను. తరవాత రోజుల్లో మాస్కోలో అమెరికా రాయబారిగా, న్యూయార్కు గవర్నరుగా చేసింది ఈయనే. 1930లలో ఆర్థికమాంద్యం వల్ల రైళ్ళు ఖాళీగా తిరుగుతున్నాయి. 1932లో అమెరికాలోనే లేక్ ప్లాసిడ్‌లో వింటర్ ఒలింపిక్స్ జరిగాక జనానికి మంచు ఆటల మీద సరదా పుట్టింది. మన రైలుమార్గం పక్కన ఆల్ప్స్ కొండల్లో వుండేలాంటి విడిది ఒకటి కడితే టిక్కెట్లు అమ్ముడుపోవా అని హారిమన్ ఆలోచన. "మంచి చోటు వెతికి పెట్టు" అని 1935 చివర కౌంటుగారిని బయల్దేరదీశాడు.

ఆ కౌంటుగారు పెళ్ళిచూపులకు వెళ్ళిన పెద్దమనిషిలా ప్రతి కొండకూ ఒక వంక పెట్టాడు. మా అబ్బాయి ఇంటి కిటికీలోంచి తెరిపి రోజున తెల్లగా మెరిసే రెయినియర్ కొండను చూసి పెదవి విరిచాడు. హుడ్ కొండ, యోసెమిటీ, యూటా, కొలరాడో, వయొమింగ్ అన్నీ తిరిగాడు. ఒకచోట గాలి ఎక్కువ, ఒకచోట ఎత్తు ఎక్కువ, ఒకచోటికి రైలు లేదు, ఇంకొకటి పట్నానికి మరీ దగ్గర. ఆశ వదులుకుంటున్న సమయంలో ఐడహోలోని రైలు కంపెనీ ఉద్యోగి ఒకాయనకు కెచమ్ అనే వూరు గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందంటే, ఆ శాఖ పట్టాలమీద మంచు ఎత్తిపోయడానికి అయ్యే ఖర్చు కంపెనీకి మరెక్కడా అయ్యేది కాదట!

కెచమ్ ఒకప్పుడు షొషొనీ, బానక్ తెగలవాళ్ళు తిరుగాడిన ప్రాంతంలోది. 1880లలో వెండి, సీసం గనుల వల్ల వూరైంది. గనులు మూతపడ్డాక గొర్రెల మందలను రైలెక్కించే చోటుగా మిగిలింది. 1936 జనవరిలో కౌంటుగారు అక్కడ దిగాడు. చుట్టూ కొండలు గాలిని అడ్డుకుంటున్నాయి. చెట్లులేని నున్నటి వాలులు. పొడిమంచు. నడినెత్తిన ఎండ. వెంటనే హారిమన్‌కి తంతి కొట్టాడు, తను చూసినవాటన్నిటిలోనూ ఇదే శ్రేష్ఠమైన చోటని. కొత్త మనిషి వూళ్ళో హోటలు కడతానంటున్నాడని విని, "ఈయన చెక్కులు మాత్రం తీసుకోకండి" అని వూరి దుకాణదారు అందరినీ హెచ్చరించాడని చెప్పుకుని నవ్వుకుంటారు. కొద్దివారాల్లోనే హారిమన్ సొంత రైలుపెట్టెలో వచ్చి, ఎకరం సుమారు పది డాలర్ల చొప్పున దాదాపు నాలుగువేల ఎకరాలు కొనేశాడు.

పేరు పెట్టింది స్టీవ్ హానగన్ అనే ప్రచారకుడు. మయామీ బీచికి పేరు తెచ్చిపెట్టిన మనిషి. చలంటే గిట్టదు. విసుక్కుంటూ వచ్చి మంచులో నిలబడితే, మబ్బు విడిపోయి ఎండ కాసి, కోటు విప్పాల్సి వచ్చిందిట. అంతే, మంచు మాట ఎత్తకుండా సన్ వ్యాలీ అని పేరు పెట్టాడు. అంటే ఎండలోయ. ప్రకటనల్లో చొక్కాలేకుండా స్కీల మీద జారుతున్న కుర్రవాడి బొమ్మ వేయించాడు. బాద్రుట్ పందెంలోని కిటుకే అది. చోటు మారింది, డెబ్భై ఏళ్ళు గడిచాయి, అమ్మిన సరుకు మాత్రం అదే ఎండ!

ఇంకో తమాషా వినండి. 1936 డిసెంబరు 21న ప్రారంభోత్సవం. హాలీవుడ్ తారలు దిగారు. అన్నీ వున్నాయి, మంచు ఒక్కటే సరిగ్గా పడలేదు! మంచు పడేదాకా మీరు మా అతిథులు, గది అద్దె ఇవ్వక్కర్లేదని హారిమన్ చెప్పాడంటారు. ఇదీ బాద్రుట్ పద్ధతే.

మరి వాలు పైకి ఎక్కడమెలా? అంతకుముందు గంటసేపు పైకి నడిస్తే అయిదు నిమిషాలు జారేవారు. తాళ్ళు పట్టుకుని పాకడం లాంటి ఏర్పాట్లు కొన్ని వుండేవి. రైలు కంపెనీలో జిమ్ కరన్ అనే ఇంజనీరు వుండేవాడు. వంతెనలు కట్టడం ఆయన పని. ఉష్ణదేశాల్లో అరటిగెలలను కొక్కేలకు తగిలించి తాడుమీద ఓడల్లోకి చేరవేసే యంత్రాలతో ఆయనకు పూర్వం పరిచయం వుంది. "గెల వేలాడే చోట కుర్చీ వేలాడదీస్తే?" అనుకున్నాడు. మనిషిని ఎంత వేగంతో వచ్చి ఎత్తుకుంటే పడిపోకుండా వుంటాడో తెలియాలి కదా. వేసవి కాలం, పైగా ఒమాహాలో కొండల్లేవు. అందుకని ఒక ట్రక్కుకు పక్కన కుర్చీ కట్టి, మొదట గడ్డిమీద స్కీలతోను, తరవాత సిమెంటు నేలమీద చక్రాల బూట్లతోను మనుషులను నిలబెట్టి పరీక్షించారు. అలా తయారైంది ప్రపంచంలో మొట్టమొదటి కుర్చీ లిఫ్టు. మంచుదేశాల ఆటను ఇంతమందికి అందుబాటులోకి తెచ్చింది మన అరటిపండంటే నాకెంత గర్వంగా వుందో చెప్పలేను!

రెండో ప్రపంచయుద్ధంలో ఆ విడిదిని 1943లో నౌకాదళం ఆస్పత్రిగా మార్చారు. గాయపడిన వేలాదిమంది అక్కడ కోలుకున్నారు. చోటు వెతికిపెట్టిన కౌంటుగారు జర్మన్ సైన్యంలో చేరి యుద్ధంలోనే పోయాడు. వాళ్ళూ వీళ్ళూ అన్న మాట అలా వుంచితే, ఎండ మాత్రం ఆ గాయపడినవాళ్ళ మంచాలమీద పడింది.

నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్నది గ్రెచెన్ ఫ్రేజర్ కథ. టకోమాలో పుట్టింది. ఆ వూరు సియాటిల్‌కు పక్కనే. పెళ్ళయ్యాక సన్ వ్యాలీలో కాపురం. 1941లో వచ్చిన సన్ వ్యాలీ సెరినేడ్ అనే సినిమాలో హీరోయిను సోన్యా హెనీ బదులు స్కీల మీద జారింది ఈవిడే. యుద్ధంలో కాళ్ళు పోగొట్టుకున్న సైనికులకు మంచుమీద జారడం నేర్పింది. 1948 ఫిబ్రవరిలో వింటర్ ఒలింపిక్స్ జరిగాయి. ఎక్కడో తెలుసా? మన బాద్రుట్ పందెం వేసిన సెయింట్ మోరిట్జ్‌లోనే! అప్పటికి ఆవిడకు ఇంచుమించు ఇరవై తొమ్మిదేళ్ళు. స్కీ పందాల్లో అమెరికా వాళ్ళెవరూ అంతకుముందు ఒలింపిక్ పతకం ఎరగరు. స్లాలం పందెంలో రెండోసారి దిగబోతుండగా కాలం లెక్కపెట్టే టెలిఫోను తీగ చెడిపోయింది. ఆ చలిలో, ఆ వాలు అంచున, పావుగంట పైగా నిలబడింది. మనసు చెదరనివ్వలేదు. దిగింది. బంగారు పతకం గెలిచింది. మర్నాడు పత్రికలు ఆవిణ్ణి ఏమని రాశాయో తెలుసా? గృహిణి అని!

ఇంత చరిత్ర చదివాక నాకు ఒకటి తేటపడింది. కొండమీది చలికాలపు విడిది పుట్టిందే జారనివాళ్ళ కోసం. రోగులు, పెద్దవాళ్ళు, వూరికే ఎండలో కూచోవాలనుకునేవాళ్ళు ముందు వచ్చారు. జారేవాళ్ళు వాళ్ళ వెనకాల వచ్చి మొత్తం చోటంతా తమదేనన్నారు. కాబట్టి చోటు ఎంచేటప్పుడు ఎంత నిటారు వాలు వుంది అని మొదట అడగకూడదు. ఇంటిల్లిపాదిలో అందరికన్నా తక్కువ జారే మనిషికి అక్కడ ఏముంది అని అడగాలి. గాలి తగలకుండా ఎండలో కూచునే చోటుందా? భయపడే మనిషికి, నలుగురూ తోసుకుపోకుండా, విడిగా చిన్న కొండ వుందా? పైన జారేవాళ్ళ దగ్గరకు జారనివాళ్ళు వెళ్ళి భోజనానికి కూచునే వీలుందా? ఈ మూడు చూసుకుంటే మిగతావి వాటంతటవే కుదురుతాయి.

ఆ రాత్రి సభలో మొదటిసారి నోరు విప్పాను. "సన్ వ్యాలీ వెళ్దాం" అన్నాను. మా అబ్బాయి తెల్లబోయాడు. "నీకెలా తెలుసమ్మా?" అన్నాడు. చెప్పాను. అక్కడ రెండు కొండలున్నాయి. బాల్డ్ కొండ పెద్దది, నిటారు వాలులు, వాడికి చాలినంత. డాలర్ కొండ విడిగా, చెట్లులేకుండా, నేర్చుకునేవాళ్ళ కోసం. 1936లో మొదటి కుర్చీలు వేలాడదీసిన కొండల్లో అదొకటి. పెద్దకొండ నడుమ 1939లో కట్టిన రౌండ్‌హౌస్ అనే భోజనశాల వుంది, దానికి గదుల్లాంటి పెట్టెలు వేలాడే తీగమార్గం వుంది, స్కీలు లేనివాళ్ళూ ఎక్కవచ్చు. పైగా విస్లర్‌కి వెళ్ళాలంటే నాకు మళ్ళీ కెనడా వీసా కావాలి. సన్ వ్యాలీలో గదులు ఖరీదన్నారు కనక, పక్కనే హెయిలీ అనే వూళ్ళో దిగితే సరి. "వంటగది లేని గది తీసుకో" అని చివర ఒక్క మాట కలిపాను. మా వాడు నావంక, వాళ్ళావిడవంక మార్చి మార్చి చూశాడు. తెలివితక్కువవాడు కాదు. "నీ మోకాలు..." అని ఏదో అడగబోయాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారని నేను నిద్ర వంకతో లేచాను.

హైదరాబాదునుంచి మా వియ్యపురాలు ఫోనులో దెప్పింది. "అంతదూరం ఎందుకు వదినగారూ? మన కాశ్మీరంలో లేదా మంచు?" అని. ఎందుకు లేదూ! గుల్మార్గ్‌లో 1927లోనే ఇంగ్లీషు దొరలు స్కీ క్లబ్బు పెట్టారు. 1998లో తీగమార్గం మొదలై, 2005లో ఇంకా పైకి పాకింది. ఔలీలోనూ వాలులున్నాయి. కాని 2023 జనవరిలో ఔలీకి దారైన జోషీమఠ్ నేల కుంగి ఇళ్ళు బీటలువారాయి. 2024 జనవరిలో గుల్మార్గ్ చాలా రోజులు మంచులేక గోధుమరంగులో పడివుంది. మంచు ఇప్పుడు ఎక్కడా పూర్వంలా నమ్మదగ్గ చుట్టం కాదు. స్విట్జర్లాండులోనూ, సన్ వ్యాలీలోనూ యంత్రాలతో మంచు చల్లి వాలులు నింపుకుంటున్నారు. మంచు కోసం ఎండను అమ్ముకున్న మనుషులకు ఎండ కాస్త ఎక్కువే దొరికిందేమో!

ఇక మా సన్ వ్యాలీ యాత్ర. డాలర్ కొండ కింద భోజనశాల బయట ఎండలో బల్లలు వేసి వున్నాయి. శాలువా తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది. ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో జంతికలు. పక్క బల్ల దగ్గర నా ఈడు అమెరికా ఆవిడ అల్లిక అల్లుకుంటోంది. జంతిక పెడితే కరకరా నమిలి మరోటి అడిగింది. నా ఎదుట తీగమీద కుర్చీలు ఒకదాని వెనక ఒకటి పైకి పోతున్నాయి. మనవరాలి పక్కన మా కోడలు, పచ్చకోటు తొడుక్కుని, రెండు చేతులా కడ్డీ పట్టుకుని, అచ్చం పచ్చి అరటిగెలలాగే వేలాడుతూ వెళ్ళింది. నేను చెయ్యి ఊపాను. తను ఊపలేదు. భయంతో కడ్డీ వదల్లేదు.

మొదటిసారి దిగడానికి చాలాసేపు పట్టింది. రెండోసారి కాస్త తక్కువ. మూడోసారి నా దగ్గరకు వచ్చి కూచుని, బూట్లు వదులు చేసుకుని, "ఇవాళ్టికి చాలు అత్తయ్యా" అంది. ఎండ మొహం మీద పడుతుంటే కళ్ళు మూసుకుంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

మధ్యాహ్నం మా అబ్బాయి పెద్దకొండ దిగి వచ్చి, డబ్బాలో చెయ్యిపెట్టి మిగిలిన జంతికలు నోట్లో వేసుకుంటూ, "అమ్మా, వచ్చే ఏడాది ఎక్కడికెళ్దాం?" అన్నాడు.

ఆ ప్రశ్న నన్నెవరైనా అడగడం అదే మొదటిసారి. "ఆలోచించి చెబుతాలే" అన్నాను.